బెరకు చూడమన్నాను

మొక్కజొన్న పరిశోధనలో కొత్తగా చేరిన పిల్లలు ఏడాదికి ఇద్దరు ముగ్గురు నన్ను చూడటానికి వస్తుంటారు. "మీ అనుభవాలు చెప్పండి మేడం" అంటారు. ఏం చెప్పను? మోకాళ్ళు అరిగిపోయాయి. ఆకు అంచులు కోసిన గీతలు మోచేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ కాగితం ఏ ఆఫీసుకు వెళ్ళిందో చెప్పడం మొదలుపెడితే మీకు నిద్రొస్తుంది, మీకంటే ముందు నాకొస్తుంది. అందుకని ఒక్క చెక్క పొలం గురించి, అక్కడ నేనన్న ఒక్క మాట గురించి రాస్తాను. ఆ మాట వల్ల జరిగిన చెడు సరిచేయడానికి నాకు ఒక పూట టైము దొరికింది. సరిచేయలేదు. ఇది చదివి మీరంతా బాగుపడతారని నాకు ఆశేమీ లేదు. అయినా రాస్తున్నాను.

చెడగొట్టి చూసే పని

డెబ్బైల ఆఖర్లో సంగతి. తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్ళే రోడ్డు పక్కన మాకొక చిన్న విత్తనాల ఫారం ఉండేది. అసలు పని మంచి విత్తనం తీసి రైతులకివ్వడం. నాకు మాత్రం ఆ ఫారంలో ఒక మూల అరెకరం ఇచ్చి, మొక్కజొన్నను చెడగొట్టమన్నారు.

చెడగొట్టడమంటే సరదాకి కాదు. ఇంట్లో వంటగది దీపం ఆరిపోయి మిగతా దీపాలు వెలుగుతున్నాయంటే, వంటగదికి వెళ్ళే తీగ ఎక్కడో తెగిందని అర్థం. అంటే ఆ గదికి వేరే తీగ ఒకటి ఉందని మనకు తెలిసినట్టే. జన్యువూ అంతే. అది సవ్యంగా పనిచేస్తున్నంతకాలం ఉందని కూడా తెలియదు. రసాయన మందు పెట్టి దాన్ని పాడుచేస్తే మొక్క పొట్టిగానో, తెల్లగానో, ముడతలు పడో కనిపిస్తుంది. అప్పుడు "ఓహో, మొక్కను పొడుగు పెంచే జన్యువు ఒకటి ఇక్కడుంది" అని తెలుస్తుంది.

మందును నీళ్ళలో కలిపితే పుప్పొడి పగిలి చస్తుంది. అందుకని నూనెలో కలిపి, ఆ నూనెలో పుప్పొడి ముంచి, చిన్న కుంచెతో కండె పీచు మీద రాసేవాళ్ళం. పారఫిన్ నూనె కావాలి. తిరువూరులో అది మందుల షాపులోనే దొరికేది, మలబద్ధకానికి అమ్మేవాళ్ళు. నేను ఒకేసారి పన్నెండు సీసాలు అడిగేసరికి షాపాయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏంటండీ మేడంగారూ, ఫారంలో అందరికీ ఒకేసారి పట్టేసిందా?" అన్నాడు. ఊళ్ళో నాకు పేరు ఆ రోజే పడింది. ఆ మందు మనిషి ఒంటికి కూడా మంచిది కాదు. చేతి తొడుగులు కావాలని మూడుసార్లు రాస్తే ఒక్క జత వచ్చింది, అది కూడా మగవాళ్ళ సైజు. మీకిప్పుడు డబ్బాలకు డబ్బాలు ఇస్తున్నారు. వేసుకోండి, బద్ధకించకండి.

మందు రాసిన కండెల్లో గింజలు విత్తితే వచ్చిన పైరు చూడటానికి మామూలుగానే ఉంటుంది. ఎందుకంటే మొక్కకు ఒక్కో జన్యువు రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. ఆ మొక్కల్ని దేన్ని దాని పుప్పొడితోనే సంపర్కం చేయించి, ఆ గింజలు మళ్ళీ సాలుకొకటి చొప్పున విత్తాలి. అప్పుడు ఏ సాలులో చెడు దాగి ఉందో ఆ సాలులో నాలుగింట ఒక మొక్క తేడాగా మొలుస్తుంది. అంటే మూడు పంటల కాలం కాసుకుని కూర్చుంటే పది రోజుల వయసు మొక్కల్లో ఫలితం కనపడుతుంది.

నాకు నలభై మూడో సాలులో కనపడింది. నలభై ఒక్క మొక్కలు మొలిస్తే పది పొట్టివి. జానెడు కూడా లేకుండా, ఆకులు వెడల్పుగా, ముడుచుకుపోయి ఉన్నాయి. నేలకు ఒరగని పొట్టి మొక్కజొన్న కోసం అప్పట్లో అందరూ వెతుకుతున్నారు. ఇది కొత్త జన్యువైతే నా బతుకు మారిపోతుందనుకున్నాను. పుస్తకంలో పెన్సిలుతో రాసుకుని, కింద రెండు గీతలు కొట్టుకున్నాను.

మరియమ్మ

ఫారంలో ఆడకూలీలందరికీ పెద్ద, మరియమ్మ. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. నేను ఆమెను నువ్వు అనేదాన్ని, ఆమె నన్ను "అమ్మాయిగారూ, మీరు" అనేది. అప్పట్లో అది ఎవరికీ వింతగా ఉండేది కాదు, నాకు కూడా.

విత్తనం చేలో అన్నిటికంటే గొప్ప పని బెరకు చూడటం. ఒక రకం చేలో వేరే రకం మొక్క మొలిచినా, తీరు తప్పిన మొక్క మొలిచినా దాన్ని బెరకు అంటారు. అది చేలో ఉంటే విత్తనం పాడవుతుంది. మరియమ్మ గట్టు మీద నడుస్తూనే పది సాళ్ళ అవతలి బెరకు చెప్పేది. కాలేజీలో బంగారు పతకం తెచ్చుకున్న నాకు దగ్గరికి వెళ్ళినా కనపడేది కాదు.

"నీ కళ్ళేం కళ్ళు మరియమ్మా!" అన్నానొకసారి.

"కళ్ళదేముందండి అమ్మాయిగారూ. మీరు మొక్కమొక్కనీ చూస్తారు. అట్టా చూడకూడదు. సాలు మొత్తం ఒక్కసారి చూడాల. తేడాది ఏదో అదే పిలుస్తుద్ది."

ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో మొక్కను చూడటం గురించి నాకింతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడాది ఆమె పేరు పర్మనెంట్ కూలీల లిస్టులో పైకి పంపారు. అప్పటికి పదకొండేళ్ళుగా రోజుకూలీ. పర్మనెంటైతే ఎండా వానా లేకుండా పని ఉంటుంది. పొద్దున్నే లేచి ఇవాళ ఎవరి చేలో పనుందా అని నలుగురి గుమ్మాల ముందు నిలబడక్కర్లేదు. "ఆ కాగితం వచ్చిందంటే దేవుడు చేసిన మేలని చర్చిలో సాక్ష్యం చెప్తానండి" అనేది నవ్వుతూ. రోజు విడిచి రోజు వచ్చి, "వచ్చిందాండి?" అని అడిగేది.

శేషగిరిరావు గారు

ఫారం ఆఫీసరు శేషగిరిరావు గారు. మంచి పొలం మనిషి. మంచులో పెన్ను రాతలు అలుక్కుపోతాయి, పెన్సిలే వాడమని నేర్పింది ఆయనే. ఆయన చేలు చూస్తే దువ్విన తలలా ఉండేవి. నా మూలచేను మాత్రం ఆయనకు పడేది కాదు. పెద్దాఫీసర్లు వచ్చినప్పుడు వాళ్ళని అటు పోనివ్వకుండా బావి వైపు తిప్పుకుపోయేవారు. "మేం బెరకు ఏరుతుంటే నువ్వు బెరకు పెంచుతున్నావేంటమ్మా" అని ఎకసెక్కాలాడేవారు.

ఆయనలో ఒకే లోపం. ఏదైనా పాడైతే "ఏం పోయింది? ఎంతవరకు మిగిలింది?" అని అడగరు. "ఎవరు చేశారు?" అని అడుగుతారు. ఇట్లాంటి ఆఫీసర్ల కింద పనిచేసేవాళ్ళు అబద్ధాలు త్వరగా నేర్చుకుంటారు. ఇది నా తప్పు ఆయన మీదకు నెట్టడానికి అనడం లేదు. అందరూ అబద్ధం చెప్పలేదు, నేను చెప్పాను.

బెరకు చూడండి

నలభై మూడో సాలు చూసిన మర్నాడే మీటింగుకు హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. నాలుగు రోజులు. ఫారం గేటు ముందు బస్సు ఆపుకుని ఎక్కుతున్నాను. కండక్టరు తొందరపెడుతున్నాడు. గేటు దగ్గర మరియమ్మ మిగతా ఆడవాళ్ళతో కనపడితే ఫుట్‌బోర్డు మీద నుంచే కేకేశాను.

"మరియమ్మా, మూలచేలో బెరకు చూడండి, జాగ్రత్త!"

"అట్టాగేనండి. మీరు నిశ్చింతగా వెళ్ళి రండి."

తేడాగా ఉన్న మొక్కల్ని కనిపెట్టుకుని ఉండండి, గేదెలు తొక్కకుండా, కాకులు పొడవకుండా చూసుకోండి అని నా ఉద్దేశం. నాలుగు రోజుల తర్వాత బస్సు దిగి నేరుగా మూలచేలోకి వెళ్ళాను. చేను అద్దంలా ఉంది. ఒక్క తెల్ల మొక్క లేదు, ఒక్క పొట్టి మొక్క లేదు, ఒక్క ముడత ఆకు లేదు. ఎనభై సాళ్ళు ఒకే పచ్చగా, ఒకే ఎత్తున నిలబడి ఉన్నాయి.

మరియమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చింది. నేను మెచ్చుకుంటాననే వచ్చింది పాపం.

"రెండు రోజులు పట్టిందండి. అబ్బో, ఇంత బెరకు నా జన్మలో చూడలేదు. ఏం విత్తనం ఇచ్చారోగాని! ఒక్కటన్నా మిగిలిందేమో చూడండి."

"పీకేశారా?" అన్నాను.

"మీరేగా చూడమంది?"

"చూడమన్నాను! పీకమన్నానా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "అదేంటండి అమ్మాయిగారూ. తల్లో పేలు చూడమంటే చూసి వదిలేస్తారాండి?"

నిజమే. చేలో బెరకు తీయండి అని ఎవరూ అనరు. బెరకు చూడండి అంటారు. ఆ పొలంలో రెండేళ్ళ నుంచి ఆ మాట రోజూ వింటూ, రోజూ అంటూ కూడా, ఆ ఒక్క రోజు నేను దాన్ని కాలేజీ తెలుగులో అన్నాను. అసలు తప్పు దానికి ముందే ఉంది. మూలచేలో నేనేం చేస్తున్నానో, ఎందుకు చేస్తున్నానో ఆ ఆడవాళ్ళకు ఒక్క రోజు చెప్పలేదు. వాళ్ళకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. నాకంటే బాగా మొక్కను చూడగల మనిషికి, చూసి ఏం చేయాలో చెప్పడం దండగనుకున్నాను. నా గీరకు తగిన శాస్తే జరిగింది. కాకపోతే ఆ శాస్తి నాకు కాదు.

పీకిన మొక్కలు ఎక్కడని అడిగితే, ఎండిపోతే గేదెలకు వేశామంది. గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. ఎవరు చెప్పారో, శేషగిరిరావు గారు వచ్చారు. ఆయన అడిగింది ఆయన అడిగే ప్రశ్నే.

"ఎవరు చేశారు?"

ఒకసారి చేనంతా చూసి నా వైపు తిరిగారు.

"పీకమని నువ్వు చెప్పావామ్మా?"

"లేదు సార్" అన్నాను. అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "పీకొద్దనే చెప్పి వెళ్ళాను సార్."

మరియమ్మ తలెత్తి నన్ను చూసింది. కోపం కాదు. బెరకు కోసం సాలును చూసినట్టే చూసింది. ఆయన ఆమె వైపు తిరిగి, "ఏం మరియమ్మా, చెప్పిందా లేదా?" అన్నారు.

"మేడంగారు చెప్పానంటే చెప్పినట్టేగా అయ్యగారూ" అంది.

అంతకు ముందెప్పుడూ ఆమె నన్ను మేడంగారు అనలేదు.

"రేపట్నించి రావద్దు" అన్నారాయన. ఆఫీసుకు వెళ్ళి పర్మనెంట్ లిస్టులో ఆమె పేరు కొట్టేయమని పైకి ఉత్తరం రాయించారు. మరియమ్మ బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని, అన్నం గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆడవాళ్ళెవరూ ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం

అన్నం తినబుద్ధి కాక పుస్తకం తెరిచి కూర్చున్నాను. నలభై మూడో సాలు, నలభై ఒకటిలో పది పొట్టివి. కింద రెండు గీతలు. ఆ అంకెలు చూస్తూ ఉండగా చటుక్కున తట్టింది. నా మొహం మండ! మొదటి సంవత్సరం పాఠమది.

పొట్టివి పది పోయాయి సరే. మిగిలిన ముప్పై ఒకటి పచ్చగా, పొడుగ్గా ఉన్నాయి. కానీ వాటిలో మూడింట రెండు వంతులు ఆ చెడ్డ ప్రతిని లోపల మోస్తూనే ఉంటాయి. బయటికి కనపడదంతే. ఆ ముప్పై ఒక్కటికీ వేరే పుప్పొడి పడకుండా కవర్లు కట్టి, దేన్ని దాంతోనే సంపర్కం చేయిస్తే వచ్చే పంటలో పొట్టివి మళ్ళీ మొలుస్తాయి. మిగతా సాళ్ళూ అంతే. ఒక్క పంట ఆలస్యం, అంతకు మించి ఏమీ పోలేదు. పీకినంత మాత్రాన పోయేది కాదు అది.

నిజం చెబుతున్నాను. అప్పుడు నాకు కలిగింది సంతోషం. మరియమ్మ ఆ తర్వాత గుర్తొచ్చింది.

లేచి ఆఫీసరు గది దాకా వెళ్ళాను. ఆ ఉత్తరం ఇంకా టేబుల్ మీదే ఉంది, సాయంత్రం టపాకు వెళ్ళాలి. చెప్పాల్సింది రెండే మాటలు. "సార్, ఏమీ పోలేదు. చూడమన్నది నేనే." మొదటిది చెబితే రెండోది చెప్పాలి. రెండోది చెబితే నేను పొద్దున అబద్ధం చెప్పినట్టవుతుంది, అదీ కూలీల ముందు. ఆయన తలెత్తి, "ఏంటమ్మా?" అన్నారు.

"కవర్లు కావాలి సార్" అన్నాను. "కండెలకు కట్టడానికి."

ఇండెంటు మీద సంతకం పెట్టిచ్చారు. కాగితం తీసుకుని బయటికి వచ్చాను.

కొండా ఎలుకా

తర్వాతి పంటలో నేననుకున్నట్టే జరిగింది. ముప్పై ఒక్క కండెలు విత్తితే ఇరవై సాళ్ళలో పొట్టివి వచ్చాయి. శేషగిరిరావు గారు "శభాష్" అన్నారు. అది విన్నప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పటికి మరియమ్మ తిరువూరులో అద్దె గది ఖాళీ చేసి వినగడపలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయిందని తెలిసింది. వెళ్ళాలి, వెళ్ళాలి అనుకుంటూనే ఉన్నాను. ముందు జన్యువు సంగతి తేలనీ, ఒక మంచి కబురుతో వెళదాం అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పిరికివాళ్ళకు ఇట్లాంటి ముహూర్తాలు చాలా దొరుకుతాయి.

కొత్త జన్యువో కాదో తేల్చడానికి ఒకటే దారి. అంతకు ముందే తెలిసిన పొట్టి రకాల గింజలు టపాలో తెప్పించి, మా పొట్టిదాంతో సంకరం చేయాలి. రెండిట్లో చెడింది వేరువేరు జన్యువులైతే, ఒకదాని లోపం ఇంకొకటి తీర్చి పిల్లలు పొడుగొస్తాయి. చెడింది ఒకటే జన్యువైతే పిల్లలూ పొట్టివే.

నాలుగు రకాలు తెప్పించాను. మూడింటితో పొడుగొచ్చాయి. ఇంకొక్కటి దాటితే చాలనుకున్నాను. నాలుగోదాంతో చేసిన సంకరంలో సాలు మొత్తం పొట్టి మొక్కలే. మరియమ్మ చెప్పినట్టు సాలు మొత్తం ఒక్కసారి చూశాను. తేడాది ఒక్కటీ లేదు, పిలవడానికి.

కొండను తవ్వి ఎలుకను పట్టాం. ఆ ఎలుకను కూడా మేం పుట్టకముందే ఎవరో పట్టి, పేరు పెట్టి వదిలేశారు. ఇది ఈ పనిలో మామూలే, మీరు గుండె జారిపోకండి. పాడుచేసి చూసే పనిలో పదింటికి తొమ్మిది పాతవే తగులుతాయి. నాకు తర్వాత రెండు కొత్తవి కూడా దొరికాయి. వాటి గురించి రాయాలని లేదు.

వినగడప

ఆ పొట్టి సాలు చూసిన మర్నాడు బస్సెక్కాను. తీసుకెళ్ళడానికి మంచి కబురేమీ లేదు, వాయిదా వేయడానికి సాకూ లేదు. శేషగిరిరావు గారికి అప్పటికే బదిలీ అయింది. వినగడపలో అడిగితే, ఒక రైతు విత్తనాల జొన్న వేశాడు, ఆ చేలో ఉందన్నారు. వెళ్ళేసరికి నడుం వంచి సాలు వెంట నడుస్తోంది. చిక్కిపోయింది.

"బాగున్నారా మేడంగారూ" అంది, చేయి ఆపకుండా.

"మరియమ్మా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

"తెలుసు కదండి."

"కొత్త ఆఫీసరు గారికి అంతా చెప్తాను. రాసిస్తాను. నువ్వు మళ్ళీ రా."

"నా పేరు కొట్టేసిన చోట మన ఫారం కోటమ్మ పేరెక్కిందంటగా. దాని పేరు తీయించి నా పేరు పెట్టిస్తారా? దానికీ ముగ్గురు పిల్లలండి." రెండు మొక్కలు దాటి మళ్ళీ అంది, "నా సంగతి పోనీండి. ఆ మొక్కల కోసం మీరు గట్టు మీద కూచుని ఏడ్చారే, నాకు ఇంటికెళ్ళాక కూడా అదే గుర్తొచ్చేది. పెద్ద పాపం చేశాననుకున్నా. మళ్ళీ దొరికినయ్యాండి?"

"దొరికాయి. ఆ పొట్టి గుణం అసలు పోనే లేదు మరియమ్మా. నువ్వు ఉంచిన మంచి మొక్కల్లోనే దాగి ఉంది."

ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. "దేవుడికి స్తోత్రం. ఆ సంగతి మీకెప్పుడు తెలిసిందండి?"

ఇంకో అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను.

"ఆ రోజు మధ్యాహ్నమే."

మరియమ్మ సాలు చివరి దాకా వెళ్ళి, పక్క సాలులో వెనక్కి వస్తూ నా ముందు ఆగింది. అక్కడ ఒక జొన్న మొక్క మిగతావాటికంటే పాలిపోయి, సన్నగా ఉంది. వంగి దాని మొదలు పట్టుకుంది.

"ఇదిగోనండి బెరకు. పీకమంటారా, ఉంచమంటారా? ఈసారి తేటగా చెప్పండి."

నా మాట కోసం కాచుకుని ఆమె దాన్ని పీకనూ లేదు, వదలనూ లేదు. ఆ మొక్క మొదలు పట్టుకుని అట్లాగే వంగి నిలబడింది.